బ్యాక్‌స్పేస్‌కు పొట్టి సంతకం

బ్యాక్‌స్పేస్ మీట పనిచేయడం లేదని ఫిర్యాదు రాసిన రోజున రత్నమాణిక్యానికి తను ఎంత పెద్ద కొరివితో తల గోక్కుంటోందో తెలియదు. తెలిసుంటే ఆ మీట జోలికే పోయేది కాదు. ఒళ్లు దగ్గర పెట్టుకుని తప్పు పడకుండా టైపు చేసుకునేది, లేదంటే ఉద్యోగం మానేసి ఇంటి అరుగు మీద ఇడ్లీలు అమ్ముకునేది. కానీ ఆఫీసుకి కొత్త కంప్యూటరు వచ్చిన ఉత్సాహంలో ఎవరికీ అంత ముందుచూపు ఉండదు.

ఆమె పనిచేసేది కాలువల తల దగ్గర, షట్టర్ల వంతెనను ఆనుకుని కట్టిన కంట్రోల్ రూములో. నది నుంచి విడిపోయే కాలువలన్నిటికీ షట్టర్లు అక్కడే ఉన్నాయి. షట్టర్లకు మోటార్లు, మోటార్లన్నిటికీ కలిపి ఒక కంప్యూటరు, ఆ కంప్యూటరుకు ఒక నల్ల తెర. ఆ తెర మీద బొమ్మలు, బటన్లు, బాణం గుర్తు లాంటి సరదాలేవీ ఉండవు. ఏ నంబరు షట్టరు, ఎన్ని అడుగులు అన్నది ఒక వరుసలో టైపు చేసి ఎంటర్ కొడితే బయట మోటారు మూలుగుతుంది, షట్టరు లేస్తుంది. అంతే సంగతి.

దాళ్వాకు, అంటే ఎండాకాలపు రెండో పంటకు, నీళ్లు వంతుల మీద ఇస్తారు. ఒక్కో కాలువకు ఒక్కో రోజు. వంతు రోజున పొద్దున్నే షట్టరు లేపాలి, సాయంత్రం ఆరింటికి దించాలి. తొమ్మిదో నంబరు కాలువ అన్నిటికన్నా పొడుగు. దాని చిట్టచివర దిగువపాలెం ఉంది. పొద్దున్నే వదిలిన నీళ్లు అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ దిగువపాలెంలోనే రత్నమాణిక్యం మొగుడు నూకరాజు రెండెకరాలు కౌలుకు తీసుకుని వరి వేశాడు. అంటే ఇంటాయన చేలోకి వెళ్లాల్సిన నీళ్లు ఇల్లాలి వేలి చివర ఉన్నాయన్నమాట. ఊళ్లో వాళ్లు నూకరాజును చూసి కుళ్లుకునేవారు. పాపం, వాళ్లకు లోపలి సంగతి తెలియదు.

కొత్త కంప్యూటరులో వచ్చిన చిక్కు చాలా చిన్నది. ఒక అక్షరం తప్పు పడితే బ్యాక్‌స్పేస్ నొక్కుతాం కదా. నొక్కితే ఆ అక్షరం చెరగలేదు సరికదా, దాని పక్కన టోపీలాంటి గుర్తొకటి, హెచ్ అనే ఇంగ్లీషు అక్షరమొకటి వచ్చి కూర్చున్నాయి. ఇంకోసారి నొక్కితే ఇంకో టోపీ, ఇంకో హెచ్. కంప్యూటరు బిగించడానికి వచ్చిన సర్వీసు ఇంజనీరు క్లెమెంటు దాన్ని చూసి తేలిగ్గా నవ్వేశాడు.

"ఇది రోగం కాదు మేడం, సెట్టింగు. ఈ నల్ల తెరకి చెరపడమంటే ఏ మీటో మనమే చెప్పుకోవాలి. ఒక్క లైను రాస్తే సరిపోద్ది."

"అయితే రాసెయ్యండి."

"మీ ఆఫీసోళ్లు కాయితం మీద పెట్టిస్తే రాసేత్తాను. గవర్నమెంటు సిస్టం కదండీ. నోటిమాట మీద ముట్టుకున్నానంటే రేపు నా పీక మీదకొత్తాది."

అదీ నిజమే అనుకుంది రత్నమాణిక్యం. ఒక తెల్లకాగితం తీసుకుని, "బ్యాక్‌స్పేస్ మీట నొక్కితే అక్షరం చెరగడం లేదు, చెరిగేలా చేయించగలరు" అని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పరంజ్యోతి గారికి రాసింది. అందరూ ఆయన్ని ఈఈ గారు అంటారు. ఈఈ గారు దాన్ని చదివి, ఏ కాగితం వచ్చినా చేసే పనే చేశారు. అకౌంట్స్ ఆఫీసరు వేదగిరి గారి అభిప్రాయం కోసం పంపించారు.

వేదగిరి గారి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన తన సర్వీసంతా కొట్టివేతలు పట్టుకోవడంలోనే గడిపారు. రిజిస్టరులో తప్పు రాస్తే రబ్బరు పెట్టి తుడవకూడదు, దాని మీదే దిద్దకూడదు. పాతది కనబడేలా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన అధికారి చేత పొట్టి సంతకం పెట్టించాలి. సర్కారు ఆఫీసుల్లో ఇది అందరికీ తెలిసిన పద్ధతే, మంచి పద్ధతే. వేదగిరి గారికి మాత్రం అది పద్ధతి కాదు, ప్రాణం. బల్ల మీద వైట్నర్ సీసా కనబడితే పామును చూసినట్టు వెనక్కి జరిగేవారు. అలాంటి మనిషి చేతిలో "చెరిగేలా చేయించగలరు" అనే కాగితం పడింది.

మర్నాడు రత్నమాణిక్యాన్ని ఈఈ గారి గదిలోకి పిలిచారు.

"అమ్మాయ్, పాత కంప్యూటరులో తప్పు పడితే ఏం చేసేదానివి?" అన్నారు వేదగిరి గారు.

"బ్యాక్‌స్పేస్ కొట్టేదాన్నండి."

"కొడితే?"

"చెరిగిపోయేదండి."

"చెరిగిపోయాక అక్కడ ఏముండేది?"

"ఏమీ ఉండేది కాదండి."

వేదగిరి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "విన్నారా సార్. ప్రభుత్వ నీటికి సంబంధించిన అంకె ఒకటి, ప్రభుత్వ యంత్రంలో, ఏ అధికారికీ తెలియకుండా, ఏమీ లేకుండా పోయింది. ఇన్నేళ్లుగా. రోజూ."

ఈఈ గారి ముఖంలో రంగు తగ్గింది. పాత కంప్యూటరు ఆయన హయాంలోదే. "ఇప్పుడేం చేద్దామంటారు?"

"చేయడానికేముంది సార్, భగవంతుడే చేశాడు. కొత్త యంత్రం చెరపను అంటోంది. తప్పును తప్పుగానే ఉంచి, పక్కన గుర్తు కూడా పెడుతోంది. ఇన్నాళ్ల నా సర్వీసులో ఇంత నిజాయితీ గల ఉద్యోగిని చూడలేదు."

పరంజ్యోతి గారికి రిటైరయ్యేలోగా తన పేరు మీద ఒక సంస్కరణ ఉండాలని కోరిక. పక్క డివిజన్ ఈఈ మొక్కలు నాటించి పేపర్లోకెక్కాడు. ఈయన నాటిన మొక్కల్ని మేకలు తిన్నాయి. ఇదుగో, మేకలు తినలేని సంస్కరణ ఎదురుగా వచ్చి నిలబడింది. సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. "బ్యాక్‌స్పేస్ అను మీట యొక్క ప్రస్తుత ప్రవర్తన మిక్కిలి సంతృప్తికరముగా నున్నందున దానిని యథాతథముగా కొనసాగించవలెననియు, మిగిలిన మీటల ప్రవర్తనను కూడ ఇదే స్థాయికి తీసుకొనివచ్చుటకు ఒక కమిటీని నియమించడమైనదనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది."

కమిటీ అంటే ఈఈ గారు, వేదగిరి గారు. టీ ఇవ్వడానికి, మీటలు చూపించడానికి రత్నమాణిక్యం. చెప్పింది చెప్పినట్టు కంప్యూటరులో అమర్చడానికి క్లెమెంటు. ఈసారి అతనికి కావలసినన్ని కాగితాలు ఇచ్చారు.

మొదట పైబాణం మీట వచ్చింది. దాన్ని నొక్కితే ఇంతకుముందు కొట్టిన వరుస మళ్లీ ప్రత్యక్షమవుతుందని రత్నమాణిక్యం చేసి చూపించింది. నిన్నటి మంజూరు మీద ఈరోజు పని ఎలా చేస్తారని వేదగిరి గారు అడిగారు. ఆ మీట ఆగిపోయింది. తర్వాత ట్యాబ్. సగం మాట కొట్టి దాన్ని నొక్కితే మిగతా సగం కంప్యూటరే పూర్తిచేస్తుంది. "కిందిస్థాయి ఉద్యోగి నోట్లోంచి పూర్తిగా రాని మాటను యంత్రం పూర్తిచేయడం ఉద్యోగిని ప్రభావితం చేయడమే" అన్నారు ఈఈ గారు. ఇకనుంచి ట్యాబ్ నొక్కితే తెర మీద "పరిశీలనలో ఉన్నది" అని పడేలా క్లెమెంటు అమర్చాడు. కంట్రోల్ మీట, సి మీట కలిపి నొక్కితే జరుగుతున్న పని ఆగిపోతుంది. జరుగుతున్న పనిని ఆపే అధికారం ఈఈ గారికే లేదు, పైనున్న సూపరింటెండింగ్ ఇంజనీరు, ఎస్‌ఈ గారికి ఉంది. కాబట్టి ఆ జంటను విడదీశారు.

ఎంటర్ దగ్గర చాలాసేపు చిక్కుపడ్డారు. మిగతా మీటలకన్నా అది పెద్దదిగా ఉండడం వేదగిరి గారి దృష్టిని దాటిపోలేదు. "ఇది గెజిటెడ్ స్థాయి మీట సార్. ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు చేత నొక్కించడం ప్రమాదం" అన్నారు. కానీ ప్రతి షట్టరుకూ ఈఈ గారే వచ్చి నొక్కాలంటే ఆయనకు మధ్యాహ్నం కునుకు ఉండదు. చివరికి దారి దొరికింది. ఆఫీసుల్లో పెద్దవారి బదులు చిన్నవారు "తరఫున" సంతకం పెట్టడం ఉంది కదా. ఆపరేటరు ఎంటర్ నొక్కేముందు "ఈఈ గారి తరఫున" అని గదిలో ఉన్నవారికి వినబడేలా చెప్పి నొక్కాలి.

"గదిలో ఎవరూ లేకపోతేనండీ?" అంది రత్నమాణిక్యం.

"గోడకు చెప్పు. గోడ ప్రభుత్వానిదే" అన్నారు వేదగిరి గారు.

ఇంతవరకూ బాగానే ఉంది. మొదటి తప్పు పడ్డ రోజున అసలు కథ మొదలైంది. రెండో నంబరు షట్టరు లేపుతూ రత్నమాణిక్యం ఒక సున్నా ఎక్కువ కొట్టింది. నియమం ప్రకారం బ్యాక్‌స్పేస్ నొక్కింది, టోపీ, హెచ్ వచ్చాయి, కొట్టివేత పూర్తయింది. ఇక ఆ వరుసను కంప్యూటరు అర్థం కాలేదని పక్కన పెడుతుంది, కింద కొత్త వరుస కొట్టుకోవాలి. కానీ అంతకుముందు కొట్టివేత పక్కన అధికారి పొట్టి సంతకం పడాలి. ఈఈ గారు మేడ దిగి వచ్చారు, జేబులోంచి పెన్ను తీశారు, తెరకేసి చూశారు. కాగితం లేదు.

ఆ క్షణంలో ఆయన ఇంటికి వెళ్లిపోయి ఉంటే చాలామంది సుఖపడేవారు. కానీ వేదగిరి గారు సొరుగులోంచి నల్ల మార్కరు తీసి అందించారు. నీళ్లు పడినా పోని రకం. ఈఈ గారు వంగి, తెర అద్దం మీద, టోపీ పక్కనే, తన పొట్టి సంతకం గీశారు. చివర కొక్కెంలా ఒక తోక లాగి చుక్క పెట్టారు. ముగ్గురూ కాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డారు. అందంగానే ఉంది.

చిక్కేమిటంటే కంప్యూటరు తెర కదులుతుంది. కింద కొత్త వరుస పడేకొద్దీ పాత వరుస పైకి పోతుంది. సంతకం మాత్రం అద్దం మీద ఉన్నచోటే ఉంటుంది. తప్పు పైకెళ్లి, సంతకం మంచి వరుస పక్కన మిగిలిపోయేసరికి వేదగిరి గారికి చెమటలు పట్టాయి. దస్త్రం అధికారి సంతకం కిందనుంచి జారిపోవడం ట్యాంపరింగ్ అన్నారు. తెర నిండేదాకా పైకి జరగకుండా వాడి, నిండగానే ఆ తెరను తీసేసి కొత్తది పెట్టాలని తేల్చారు. తీసిన తెర పారేయడానికి వీల్లేదు, అధికారి సంతకాలున్న రికార్డు అది. ఫైలు నంబరు వేసి, టేపు చుట్టి, రికార్డు రూములో నిలబెట్టారు. ఎలుకలు మొదటిసారి అక్కడ తినడానికేమీ దొరక్క అవస్థపడ్డాయి.

రత్నమాణిక్యం సంగతి ఎవరూ అడగలేదు. తప్పు పడుతుందేమో అన్న భయంతో ఆమెకు ఎక్కువ తప్పులు పడడం మొదలైంది. ఒక్కో మీటను ఒక్కో వేలితో, పొయ్యి మీది గిన్నె ముట్టుకున్నట్టు ముట్టుకునేది. తప్పు పడ్డప్పుడల్లా ఈఈ గారు మేడ దిగి వచ్చి సంతకం పెట్టేవారు. ఆయనకు కోపమేమీ లేదు. పైగా సంతకానికి సంతకానికీ ఆయన ముఖంలో కళ పెరుగుతూ వచ్చింది. పక్క డివిజన్లవాళ్లు బస్సు వేసుకుని వచ్చి తెరలు చూసి వెళ్లారు. తప్పు దాచని కార్యాలయం అని పై ఆఫీసువాళ్లు ఒక షీల్డు ఇచ్చే ఆలోచనలో ఉన్నారని కబురు వచ్చింది.

ఈలోగా ఎండలు ముదిరాయి. దిగువపాలెంలో వరి పొట్ట మీదకొచ్చింది. ఆ దశలో నీళ్లు లేకపోతే గింజ పాలు పోసుకోదు, అంతా తాలే. తొమ్మిదో కాలువ వంతు వచ్చిన రోజున నూకరాజు పెళ్లాన్ని బండి మీద ఆఫీసు దాకా దింపాడు.

"సూడు మాణిక్యం, సేను కింద నేల నెరలిచ్చేసింది. ఇయ్యాల నీళ్లు రాపోతే పై వంతు దాకా నిలబడుద్దో లేదో సెప్పలేను."

"వస్తాయిలే. నేనే కదా వదిలేది" అంది.

"ఆ ఆఫీసోళ్లని సూత్తేనే నాకు బయ్యం."

లోపలికి వెళ్లి కూర్చుంది. తెర అంతా ఈఈ గారి సంతకాలే, తోరణం కట్టినట్టు. కొత్త తెరలకు పెట్టిన ఇండెంటు ఇంకా మంజూరు కాలేదు, స్టోరులో ఉన్నవన్నీ అయిపోయాయి. అడుగున ఒకే ఒక్క వరుసకు చోటు మిగిలింది. చాలు, ఒక్క వరుసే కావాలి. చీర కుచ్చిళ్లకు చేతులు తుడుచుకుని, షట్టరు అని కొట్టింది, నంబరు కొట్టింది, అడుగులు కొట్టింది. ఎంటర్ మీద వేలు పెట్టి "ఈఈ గారి తరఫున" అనబోతూ తెరకేసి చూసింది. తొమ్మిది ఉండాల్సిన చోట ఎనిమిది ఉంది.

తొమ్మిదే కొట్టానని ఆమె గుండె చెబుతోంది. కానీ రెండు మీటలూ పక్కపక్కనే ఉంటాయి, ఇన్నాళ్ల భయంలో తన వేళ్ల మీద తనకే నమ్మకం పోయింది. ఎనిమిదో కాలువ వంతు నిన్ననే అయింది. ఇప్పుడు ఎంటర్ నొక్కితే దిగువపాలేనికి పోయే నీళ్లు అక్కడికి పోతాయి. వెనకనుంచి వేదగిరి గారి గొంతు వినబడింది.

"ఆగమ్మాయ్. ఎనిమిది పడింది. ఈఈ గారిని పిలుస్తాను, సంతకం అయ్యాక సరిచేద్దువుగాని."

ఈఈ గారు వచ్చారు. మార్కరు మూత తీశారు. సంతకం పెట్టడానికి తెర మీద చోటు లేదు.

"పక్కన గోడ మీద పెట్టనా?"

"తప్పు పక్కనే ఉండాలి సార్."

"పోనీ పాత సంతకం మీదే పెడతాను. నాదే కదా."

"రాతమీద రాత అవుతుంది సార్. దానికి మళ్లీ ఇంకో పొట్టి సంతకం కావాలి."

"ఆ ఇంకోటి ఎక్కడ పెట్టాలి?"

"అదే సార్ సమస్య."

వాళ్లు దాని గురించి చర్చించుకున్నారు. టీ వచ్చింది. ఆ తర్వాత సవరణకు ప్రత్యేక అనుమతి కోరుతూ ఎస్‌ఈ గారికి ఉత్తరం తయారుచేయడానికి ఇద్దరూ మేడెక్కారు. జవాబు వచ్చేదాకా ఎవరూ ఏ మీటా ముట్టుకోరాదన్నారు. రత్నమాణిక్యం కూర్చుని ఉంది. కిటికీలోంచి ఎండ వంతెన మీద జరుగుతూ పోయింది. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయలేదు. నూకరాజు ఫోను చేశాడు, ఎత్తలేదు. ఎత్తి ఏం చెబుతుంది? ఎంటర్ మీద వేలు పెట్టగల మనిషి తనే అయినా తన చేను తన కళ్ల ముందే ఎండిపోతోంటే, ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కాస్తా కోపమైంది.

కీబోర్డు తుడవడానికి ఆఫీసువాళ్లిచ్చిన స్పిరిటు సీసా బల్ల మీద ఉంది. దాన్ని తెర మీద కుమ్మరించింది. కొంగు తీసుకుని పైనుంచి కిందకు, కిందనుంచి పైకి, ఇంట్లో గచ్చు కడిగినట్టు కడిగింది. ఈఈ గారి సంతకాలన్నీ నల్లగా కారి బల్ల మీదకు, అక్కడినుంచి ఆమె ఒళ్లోకి దిగాయి. అద్దం తేటబడింది. అడుగు వరుసలో, శుభ్రంగా, తొమ్మిది.

ఈఈ గారి సంతకం చివర కొక్కెంలాంటి తోక ఉందని చెప్పాను కదా. పాత సంతకం తోక ఒకటి వచ్చి తొమ్మిది కింది సందును మూసేసింది. అందుకే అది ఎనిమిదిలా కనబడింది. పొద్దున్నుంచీ ఇద్దరు అధికారులు, ఒక ఆపరేటరు, ఒక ఉత్తరం ఎదురుచూస్తున్నది ఈఈ గారి సంతకాన్ని ఈఈ గారి సంతకంతో దిద్దడానికి. "ఈఈ గారి తరఫున" అని గోడకు చెప్పి ఎంటర్ నొక్కింది. అప్పటికి నాలుగు దాటింది.

నీళ్లు వెళ్లాయి. పైఊళ్లు దాటి, మధ్య ఊళ్లు దాటుతూ ఉండగా ఆరయింది. వంతు అయిపోయింది. షట్టరు దించే వరుస కూడా ఆమే కొట్టాలి. అది మాత్రం ఒక్క తప్పూ పడకుండా పడింది. దిగువపాలేనికి ఒక్క చుక్క చేరలేదు. ఆ రాత్రి నూకరాజు అన్నం తినకుండా టార్చి లైటు పట్టుకుని చేను గట్టు మీదకు వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

సంతకాలు చెరిపినందుకు ఆమెకు మెమో వచ్చింది. కానీ చెరిపినట్టు రుజువు చేయాలంటే చెరిగిన సంతకాలు కావాలి, అవి చెరిగిపోయాయి. ఆ ముడి ఎలా విప్పాలో తేలక మెమో ఫైల్లో పడుకుంది. ఈలోగా ఎస్‌ఈ గారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "తొమ్మిదవ నంబరు కాలువ వంతు సందర్భమున పడిన ఎనిమిది అంకెను తొమ్మిదిగా సవరించుటకు అనుమతించడమైనది. ఈ సవరణ విధానమును స్వయముగా పరిశీలించుటకు వచ్చే వంతు నాడు ఎస్‌ఈ గారు విచ్చేయుచున్నారు."

"కానీ ఎనిమిది పడలేదు కదండీ" అంది రత్నమాణిక్యం.

ఈఈ గారు వేదగిరి గారిని చూశారు. వేదగిరి గారు ఆలోచించారు. "మంజూరైన సవరణను వాడకుండా వదిలేస్తే, లేని తప్పుకు మంజూరు తెచ్చారని ఆడిట్‌వాళ్లు రాస్తారు సార్. ఉత్తర్వు ఉంది కనుక తప్పు ఉండి తీరాలి. వచ్చే వంతుకు ఈ అమ్మాయి ముందు ఎనిమిది కొడుతుంది. తర్వాత సవరిస్తాం."

"కావాలని తప్పు కొట్టమంటారా?"

"తప్పు కాదమ్మాయ్, మంజూరైన తప్పు" అన్నారు ఈఈ గారు. ఎస్‌ఈ గారి రాక కోసం కొత్త తెర కూడా మంజూరైంది. పెద్దది, గోడంత.

చేను అప్పటికి ఇంకా చావలేదు, బతికీ లేదు. నూకరాజు రోజూ గట్టు మీద కూర్చుని ఆకుల కొసలు చూసేవాడు. ఈ వంతు పోతే ఇక చూడడానికి వెళ్లనన్నాడు. రత్నమాణిక్యం లెక్క కట్టుకుంది. ఎస్‌ఈ గారొస్తారు, ఉపన్యాసం ఉంటుంది, తప్పు కొట్టాలి, సంతకం, సవరణ, భోజనాలు. నీళ్లు మళ్లీ సాయంత్రమే. ఆమె సరాసరి వంతెన మీదకు వెళ్లింది. అక్కడ షట్టర్లు కనిపెట్టుకుని ఉండే లష్కరు పల్లయ్య షట్టరు గొలుసులకు గ్రీజు రాస్తున్నాడు.

"బాబాయ్, కరెంటు పోయినప్పుడు షట్టరు ఎలా లేపుతారు?"

"చక్రం ఉందిగా అమ్మా, చేత్తో తిప్పుతాం. నడుం ఇరుగుద్ది గానీ లేత్తాది."

"మోటారు మోగదు కదా?"

పల్లయ్య చేతిలో గ్రీజు డబ్బా కింద పెట్టి ఆమె ముఖం చూశాడు. "ఎప్పుడు తిప్పమంటావు?"

"పొద్దున్నే. లోపల వాళ్లని నేను బయటికి రానివ్వను."

వంతు రోజున ఎస్‌ఈ గారు వచ్చారు. ఆయనతో పక్క డివిజన్లవాళ్లు, దండలు, ఫొటోలు తీసేవాడు. అద్దం మీద వెలుగు పడితే సంతకం ఫొటోలో కనబడదని కిటికీ పరదాలన్నీ వేయించారు. ఈఈ గారు స్వాగతం చెప్పారు. రత్నమాణిక్యం కుర్చీలో సర్దుకుని, ఉత్తర్వు ప్రకారం, ఒక్క పొరపాటూ లేకుండా ఎనిమిది కొట్టింది. బ్యాక్‌స్పేస్ నొక్కింది. టోపీ, హెచ్. ఈఈ గారు సంతకం పెట్టారు. గదిలో వాళ్లు ముచ్చటపడ్డారు.

ఇప్పుడు తొమ్మిది కొట్టాలి. ఆమె ఏడు కొట్టింది.

"కంగారు పడకమ్మా, ఇది కూడా చూద్దాం" అన్నారు ఎస్‌ఈ గారు. దానికి సంతకం ఆయనే పెట్టారు. తర్వాత షట్టరు అన్న మాటలో ఒక అక్షరం మింగింది. తర్వాత అడుగులకు బదులు ఇంకేదో కొట్టింది. ట్యాబ్ నొక్కితే "పరిశీలనలో ఉన్నది" అని పడింది, అందరూ మెచ్చుకున్నారు. పక్క డివిజన్ల ఈఈలు తాము కూడా ఒక్కొక్క సంతకం పెడతామన్నారు. ఎవరిది ఏ స్థాయి సంతకం, ఎవరు ముందు అనే దాని మీద చాలాసేపు మర్యాదలు జరిగాయి. మధ్యలో బిర్యానీ వచ్చింది. ఇన్నాళ్లూ భయపడి చేసిన తప్పులు ఇప్పుడు భయం లేకుండా చేస్తోంటే రత్నమాణిక్యానికి చేతులు తేలికగా ఉన్నాయి. ఏ తప్పుకు ఎంతసేపు పడుతుందో ఆమెకు బాగా తెలుసు. మాటలో తప్పు అయితే కొంచెం తొందరగా తేలుతుంది, అంకెలో తప్పు అయితే వేదగిరి గారు తప్పకుండా మాట్లాడతారు. కాబట్టి అంకెలే తప్పు కొట్టింది.

వేదగిరి గారికి ఒకసారి అనుమానం వచ్చింది. "అమ్మాయ్, ఇవాళ మరీ ఎక్కువగా పడుతున్నాయే."

"పెద్దవాళ్లున్నారు కదండీ, చెయ్యి వణుకుతోంది" అంది. ఎస్‌ఈ గారికి ఆ మాట నచ్చింది.

తెర ముప్పాతిక వంతు నిండాక, అయిదు దాటిన తర్వాత, ఆమె ఫోను మోగింది. ఇంటి నుంచండి అని చెప్పి, మూలకు తిరిగి ఎత్తింది.

"గట్టు దాకా తడిసిపోయిందే మాణిక్యం" అన్నాడు నూకరాజు. వెనకాల నీళ్ల చప్పుడు వినబడుతోంది. "సేను మొదట్లో సీలమండ దాకా నిలిసాయి. ఇంక నీ ఇష్టం, సరిగ్గా కొట్టేసుకో."

ఆమె కళ్లు తుడుచుకుని వచ్చి కూర్చుంది. షట్టరు అని కొట్టింది, తొమ్మిది కొట్టింది, అడుగులు కొట్టింది. "ఈఈ గారి తరఫున" అని అందరికీ వినబడేలా చెప్పి ఎంటర్ నొక్కింది. షట్టరు లేచే ఉందని కంప్యూటరు ఆ క్షణంలోనే జవాబిచ్చింది. ఇంత వేగంగా పని జరిగే కార్యాలయాన్ని తన సర్వీసులో చూడలేదని ఎస్‌ఈ గారు ఈఈ గారిని కౌగలించుకుని, షీల్డు చేతిలో పెట్టారు.